మయోనైజ్ లేకుండా కోల్‌స్లా: తరచుగా అడిగే ప్రశ్నలు

వేయించిన చికెన్ పక్కన చిన్న కప్పులో వచ్చే తెల్లటి, తియ్యతియ్యటి క్యాబేజీ. మనలో చాలామందికి కోల్‌స్లా అంటే అదే. ఇంట్లో చేద్దామనుకుంటే మయోనైజ్ దగ్గరే ఆగిపోతాం. ఒకరు గుడ్డు తినరు, ఒకరికి అంత నూనె వద్దు, ఇంకొకరి ఇంట్లో తెరిచిన డబ్బా ఫ్రిజ్ తలుపులో నెలల తరబడి అలాగే ఉంటుంది. నేను గుడ్డు ముట్టని మా అత్తగారి కోసం మొదలుపెట్టాను. తర్వాత అదో పిచ్చి అయిపోయి, ఇంట్లో కనిపించిన ప్రతిదాన్నీ క్యాబేజీలో కలిపి చూశాను. చుట్టాలు, స్నేహితులు పదే పదే అడిగేవాటికి జవాబులు ఇవి. కింద స్పూన్ అంటే టీ స్పూన్. కొలతలన్నీ అర కిలో క్యాబేజీకి, నలుగురైదుగురికి సరిపోయేట్టు చెప్పాను.

మయోనైజ్ వేయకపోతే అది కోల్‌స్లా అవుతుందా?

నిక్షేపంగా అవుతుంది. ఆ పేరు డచ్ భాషలోని 'కోల్‌స్లా' నుంచే ఇంగ్లీషులోకి వచ్చింది. 'కోల్' అంటే క్యాబేజీ, 'స్లా' అంటే సలాడ్. న్యూయార్క్ ప్రాంతంలో స్థిరపడ్డ డచ్చివాళ్లు తమతో తెచ్చుకున్న వంటకం ఇది. వాళ్లు కలిపింది వెనిగర్, నూనె, కరిగించిన వెన్న లాంటివి. సీసాల్లో మయోనైజ్ అమ్మకం అమెరికాలో ఊపందుకున్నది 1910ల తర్వాతే. కాబట్టి మయోనైజ్ ఈ వంటకానికి కొత్తల్లుడు. ఇప్పుడు ఇల్లంతా తనదే అన్నట్టు కూర్చుంది, అంతే.

మయోనైజ్‌లో అంత భయపడాల్సింది ఏముంది?

ఫ్యాక్టరీలో పాశ్చరైజ్ చేసిన గుడ్డుతో చేసి, సీల్ వేసి అమ్మేదాని గురించి పెద్దగా భయం అక్కర్లేదు. ఇబ్బందల్లా పచ్చి గుడ్డు కొట్టి అక్కడికక్కడ చేసి, గంటల తరబడి బయట పెట్టేదానితోనే. గుడ్డులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉంటే దాన్ని చంపడానికి ఇందులో ఎక్కడా వేడి తగలదు. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో మయోనైజ్‌తో అమ్మిన మోమోలు తిన్నవాళ్లు చాలామంది ఆస్పత్రి పాలయ్యారు, ఒక మహిళ చనిపోయింది. ఆ నెలాఖరున తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డు మయోనైజ్ తయారీని, నిల్వను, అమ్మకాన్ని ఏడాదిపాటు నిషేధించింది. కేరళ 2023 జనవరిలోనే ఆ పని చేసింది. తమిళనాడు 2025 ఏప్రిల్‌లో చేసింది.

రెండో సంగతి నూనె. అమెరికా నిబంధనల ప్రకారం మయోనైజ్ అని పేరు పెట్టాలంటే అందులో కనీసం 65 శాతం నూనె ఉండాలి. ఒక పెద్ద చెంచాడు మయోనైజ్‌లో దగ్గర దగ్గర 10 గ్రాముల కొవ్వు, 90 నుంచి 100 క్యాలరీలు ఉంటాయి. కోల్‌స్లాకి ఒక చెంచాతో సరిపెట్టేవాళ్లను నేనింకా చూడలేదు.

ఇవేవీ మీకు పట్టకపోయినా, రుచి కోసమైనా ఒకసారి మార్చి చూడండి. మయోనైజ్ రుచి ఎప్పుడూ ఒక్కలాగే ఉంటుంది.

దాని బదులు ఏం వేయాలో ఎలా తేల్చుకోవాలి?

మయోనైజ్ ఏం చేస్తుందో చూస్తే తేలిపోతుంది. ఒకటి, కమ్మదనం. అది నూనెది. రెండు, పులుపు. వెనిగర్‌తోనో నిమ్మరసంతోనో వస్తుంది. మూడు, ముక్కకు పట్టుకునే చిక్కదనం. నూనెనీ నీళ్లనీ గుడ్డు సొన విడిపోకుండా కలిపి ఉంచడం వల్ల వచ్చేది. నాలుగోది ఆవ ఘాటు. కొద్దిగానే ఉంటుంది కానీ లేకపోతే వెలితి తెలుస్తుంది.

ఇప్పుడు మన వంటింట్లోకి చూడండి. కమ్మదనానికి మీగడ, నువ్వులు, పల్లీలు, కొబ్బరి, జీడిపప్పు. పులుపుకు పెరుగు, నిమ్మకాయ. చిక్కదనానికి రుబ్బిన జీడిపప్పు, పల్లీల లాంటివి. ఘాటుకు ఆవాలు ఉండనే ఉన్నాయి. పెరుగు పచ్చడి, ఆవ పెట్టిన కూర, పల్లీ చట్నీ చేసే చేతికి ఇందులో కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా లేదు. పెరుగు లాంటి పుల్లటిదాంట్లో కమ్మదనం తక్కువ కాబట్టి రెండు చెంచాల నూనె కలపాలి. జీడిపప్పులో పులుపు లేదు కాబట్టి నిమ్మకాయ పిండాలి. ఈ నాలుగిటిలో ఏది లోటో చూసుకుని దాన్ని పూడ్చుకుంటే చాలు.

ఏది కలిపినా అరగంటకల్లా అడుగున నీళ్లు చేరుతున్నాయి. ఎందుకు?

ఈ ప్రశ్న అడిగినవాళ్లే ఎక్కువ. దీని జవాబు తెలిస్తే సగం పని అయినట్టే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

నేను మొదటిసారి పెరుగుతో చేసిన రోజు ఇంట్లో పదిహేను మంది చుట్టాలున్నారు. పొద్దున్నే క్యాబేజీ తరిగి, కమ్మటి పెరుగు, మిరియాల పొడి కలిపి, గొప్పగా గాజు గిన్నెలో సర్ది ఫ్రిజ్‌లో పెట్టాను. మధ్యాహ్నం తీసేసరికి క్యాబేజీ మజ్జిగలో ఈదుతోంది. మా మామగారు ఏమీ అనలేదు. గరిటె పక్కన పెట్టి గ్లాసు అడిగారు.

తప్పు పెరుగుది కాదు. క్యాబేజీలో 92 శాతం నీళ్లే. ఉప్పు, పంచదార తగలగానే అవి బయటికి వచ్చేస్తాయి. మయోనైజ్ చాలా చిక్కన కాబట్టి ఆ నీళ్లు కలిసినా కొంతసేపు తట్టుకుంటుంది. పెరుగు, కొబ్బరిపాలు తట్టుకోలేవు. అందుకని ఆ నీళ్లేవో ముందే దింపేయాలి.

సన్నగా తరిగిన అర కిలో క్యాబేజీకి ఒక స్పూన్ ఉప్పు, అర స్పూన్ పంచదార పట్టించి, చిల్లుల గిన్నెలో వేసి ఒక గంట వదిలేయండి. తొందరగా ఉంటే ఇరవై నిమిషాలు, అంతకన్నా తగ్గొద్దు. తర్వాత ఒక్కసారి చల్లటి నీళ్లలో జాడించి, గుప్పెడు గుప్పెడుగా తీసుకుని గట్టిగా పిండండి. కాకరకాయ ముక్కలకు ఉప్పు రాసి పిండుతాం చూడండి, అలాగే. చివర్లో పొడి బట్టలో చుట్టి ఒత్తితే ఇంకా మంచిది. ముక్క కాస్త వంగుతుంది కానీ కరకర పోదు. జాడించాక కూడా కొంత ఉప్పు మిగిలే ఉంటుంది కాబట్టి డ్రెస్సింగ్‌లో, అంటే క్యాబేజీకి పట్టించే ముద్దలో, ఉప్పు వేసేముందు రుచి చూడండి. ఈ ఒక్క మాట వినక ఉప్పుకషాయం చేసుకున్నవాళ్లు నాకు తెలుసు.

క్యారెట్‌కి ఇదంతా అక్కర్లేదు, నేరుగా తురిమి కలపండి. ఉల్లిపాయ వేస్తే మాత్రం తరిగాక చల్లటి నీళ్లలో పది నిమిషాలు ఉంచి తీయండి. లేకపోతే మర్నాటికి గిన్నెంతా ఉల్లి కంపే.

పెరుగుతో చేసే సరైన పద్ధతి ఏది?

అర లీటరు పెరుగును పల్చటి బట్టలో మూట కట్టి, కుళాయికి వేలాడదీయండి. రెండు మూడు గంటల్లో నీళ్లన్నీ కారి సగానికి వస్తుంది. ఎండాకాలంలో బయట వేలాడదీస్తే పులిసిపోతుంది, జల్లెడలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. కారిన నీళ్లు పారబోయకండి, చపాతీ పిండి కలపడానికో పప్పుచారులోకో పనికొస్తాయి.

ఆ గట్టి పెరుగులో రెండు పెద్ద చెంచాల మీగడ కానీ వాసన లేని నూనె కానీ వేసి, పావు స్పూన్ ఆవపిండి, అర స్పూన్ మిరియాల పొడి, ఒక స్పూన్ పంచదార, ఒక స్పూన్ నిమ్మరసం వేసి గిలక్కొట్టండి. పిండిన క్యాబేజీలో తినే ముందు కలపండి. నూనె ఎందుకని మా చెల్లి అడిగింది. వేయకుండా ఒకసారి, వేసి ఒకసారి తిని చూడమన్నాను, మళ్లీ అడగలేదు. పెరుగు ఒక్కటే అయితే పులుపు నాలుక మీద నిలిచిపోతుంది, క్యాబేజీ రుచి తెలియదు.

ఇందులో కొత్తిమీర, అల్లం, పచ్చిమిర్చి కూడా వేస్తే ఇంకా బాగుంటుంది కదా అంటారు. బాగుంటుంది, కానీ అప్పుడది పెరుగు పచ్చడి. ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చితో పోపు కూడా పెట్టేసి అన్నంలోకి వేసుకోండి.

ప్యాకెట్ పెరుగు పనికొస్తుందా? తోడు పెట్టిందే కావాలా?

ఏదైనా పనికొస్తుంది, వడకట్టాలంతే. పుల్లబడిన పెరుగైతే నిమ్మరసం మానేయండి.

ఆవాలు వేస్తే చేదొచ్చింది. ఏం పొరపాటు జరిగింది?

మీరు వేడి నీళ్లు వాడి ఉంటారు, లేదా రుబ్బిన వెంటనే కలిపి ఉంటారు.

పొడి ఆవగింజ నోట్లో వేసుకుంటే ఘాటేమీ ఉండదు. గింజ నలిగి నీళ్లు తగిలాకే అందులో విడివిడిగా ఉన్న ఒక ఎంజైమ్, ఒక గంధక పదార్థం కలిసి ముక్కుకెక్కే ఆ ఘాటు పుడుతుంది. కాగిన నీళ్లు పోస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది, ఘాటు పోయి చేదే మిగులుతుంది. నిమ్మరసం, వెనిగర్ ముందే పోసినా ఘాటు పూర్తిగా పుట్టదు. పుట్టాక పోస్తే మాత్రం అది ఎగిరిపోకుండా నిలుస్తుంది. వరస ఇది: రెండు స్పూన్ల ఆవాలు చల్లటి నీళ్లలో గంటసేపు నానబెట్టి, ఒక ఎండుమిర్చి, కాస్త ఉప్పుతో మెత్తగా రుబ్బండి. పది నిమిషాలు మూత పెట్టి వదిలేయండి. ఆ తర్వాత నిమ్మరసం. పసుపు ఆవాలైతే ఘాటు నెమ్మదిగా ఉంటుంది, మన నల్ల ఆవాలు తిన్నగా నెత్తికెక్కుతాయి. ఏవైనా సరే, రుబ్బిన ముద్ద ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంటే చేదు బాగా తగ్గుతుంది.

పనసపొట్టు కూరలోనో అరటికాయ కూరలోనో ఆవ పెట్టేటప్పుడు పొయ్యి దించి, చల్లారాకే కలపాలని మా అమ్మ గట్టిగా చెప్పేది. ఎంజైమ్ అన్న మాట ఆవిడ ఎప్పుడూ వినలేదు. కూర వేడి మీద ఆవ కలిపితే చేదెక్కుతుందని మాత్రం బాగా తెలుసు.

ఆవ ముద్ద ఒక స్పూన్, నువ్వుల నూనె రెండు పెద్ద చెంచాలు, నిమ్మకాయ ఒకటి, బెల్లం తురుము ఒక స్పూన్. ఇంతే నాకు అన్నిటికన్నా ఇష్టమైన కోల్‌స్లా. పాలు, పెరుగు ఏమీ లేవు, అయినా నూనె తేలిపోదు. ఆవపిండిలో ఉండే జిగురు నూనెనీ నిమ్మరసాన్నీ పట్టి ఉంచుతుంది. గుడ్డు సొన చేసే పనే ఇదీ చేస్తుంది, కాస్త బద్ధకంగా. అమెరికాలో మెంఫిస్ వైపు కూడా ఆవ కలిపిన పసుపుపచ్చ కోల్‌స్లా తింటారు, కాకపోతే అది మనదానికన్నా చాలా తియ్యగా ఉంటుంది.

గుడ్డు, పాలు రెండూ తినం. చిక్కగా, తెల్లగా ఉండాలంటే?

జీడిపప్పు. అర కప్పు జీడిపప్పును వేడి నీళ్లలో అరగంట నానబెట్టి, ఆ నీళ్లు వంపేసి, నిమ్మకాయ రసం, ఒక వెల్లుల్లి రెబ్బ, పావు స్పూన్ ఆవపిండి, ఉప్పు, పావు కప్పు మంచినీళ్లతో మిక్సీలో వెన్నలా అయ్యేదాకా తిప్పండి. గరుకు తగలకూడదు, ఆగి ఆగి గోడలు గీకుతూ రెండు మూడు నిమిషాలు తిప్పాల్సి వస్తుంది. మయోనైజ్ తినడం అలవాటైన పిల్లలు తేడా పట్టలేనిది ఇదొక్కటే. గుండు జీడిపప్పు కొనక్కర్లేదు. పలాస వైపు నుంచి ఎవరైనా వస్తుంటే బద్దలో ముక్కలో తెమ్మనండి, ధర తక్కువ, ఎలాగూ రుబ్బేదే.

అయితే జీడిపప్పుతో చేసింది తేలికైన తిండి అనుకోవద్దు. మయోనైజ్ కంటే కొవ్వు తక్కువే, కానీ ఎంత తింటున్నారో చూసుకోండి.

నువ్వుల సంగతి వేరు. పొట్టు తీసిన తెల్ల నువ్వులను రంగు మారకుండా, చిటపటలాడే దాకా మాత్రమే వేయించాలి. ఎర్రబడితే చేదు. చల్లారాక కొద్ది కొద్దిగా నూనె పోస్తూ రుబ్బితే అరబ్బులు తహీనీ అనే ముద్దే వస్తుంది. దాంట్లో నిమ్మరసం పోయగానే ముందు గట్టిగా బిగుసుకుపోతుంది. కంగారు పడకండి, చెంచాడు చెంచాడు చల్లటి నీళ్లు పోస్తూ తిప్పితే తెల్లబడి, జారుగా తయారవుతుంది. జపాన్ హోటళ్లలో సన్నగా తరిగిన పచ్చి క్యాబేజీ మీద పోసేదీ నువ్వుల డ్రెస్సింగే, అందులో సోయా సాస్, వెనిగర్, పంచదార ఉంటాయి.

ఇక పల్లీలు. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, నేను కనిపెట్టిన వాటిలో అందరూ మెచ్చుకున్నది పొద్దున ఇడ్లీలోకి చేసి మిగిలిపోయిన పల్లీ చట్నీ. దానికి ఒక నిమ్మకాయ పిండి, నీళ్లు పోయకుండా అలాగే క్యాబేజీ, క్యారెట్, కొత్తిమీరలో కలిపాను. పోపు పెట్టని చట్నీ అయితే మరీ బాగుంటుంది. ఇంటికొచ్చినవాళ్లు ఇది థాయ్ వంటకమా అని అడిగారు. నేను అవుననీ కాదనీ అనలేదు.

పాలతో మయోనైజ్ చేయవచ్చని విన్నాను, నిజమేనా?

నిజమే. పోర్చుగల్‌లో ఎప్పటినుంచో చేస్తారు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి చిక్కటి పాలు అర కప్పు మిక్సీ చిన్న జార్‌లో పోసి, తిప్పుతూ, దారంలా సన్నటి ధారగా ఒక కప్పు నూనె వదలాలి. చివర్లో రెండు స్పూన్ల నిమ్మరసం, ఉప్పు, ఆవపిండి వేసి మళ్లీ తిప్పితే చిక్కబడుతుంది. పాలు గోరువెచ్చగా ఉన్నా, నూనె ఒక్కసారిగా పోసినా విరిగిపోతుంది. గుడ్డు తిననివాళ్లకు బాగుంటుంది. నూనె తగ్గించాలనుకునేవాళ్లకు ఇది దారి కాదు, ఇందులోనూ అంతే నూనె.

శనగలు ఉడికించిన చిక్కటి నీళ్లను గిలక్కొట్టినా గుడ్డు తెల్లసొనలా నురగొస్తుందని 2014లో ఫ్రాన్స్‌లో ఒకాయన చూపించారు. ఆ నీళ్లతోనూ ఇలాగే చేయొచ్చు. కుక్కర్‌లో ఎక్కువ నీళ్లు పోసి ఉడికిస్తే పల్చగా వస్తాయి కాబట్టి వాటిని మళ్లీ పొయ్యి మీద మరిగించి దగ్గరపడనివ్వాలి. నేను రెండుసార్లు చేశాను. మూడోసారి ఆ శనగల్ని గుగ్గిళ్లు చేసి, నీళ్లు చారులో పోశాను.

గుడ్డు తింటాం, పచ్చి గుడ్డే వద్దు. ఏదైనా దారి ఉందా?

ఉంది, పైగా పాత పద్ధతి. సీసా మయోనైజ్ రాకముందు అమెరికా ఇళ్లలో ఉడికించిన డ్రెస్సింగ్ చేసుకునేవారు. రెండు పచ్చసొనలు, ఒక స్పూన్ మైదా, అర స్పూన్ ఆవపిండి, రెండు స్పూన్ల పంచదార, అర స్పూన్ ఉప్పు, అర కప్పు పాలు ఉండలు లేకుండా కలపండి. నీళ్లు కాగుతున్న గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి, అందులో దీన్ని పోసి తిప్పుతూ ఉండండి. చిక్కబడుతుండగా పావు కప్పు వెనిగర్ కొద్ది కొద్దిగా పోసి, చెంచా వెనక పూతలా అంటుకునేదాకా ఉంచి దించండి. ఒక స్పూన్ వెన్న కలిపి చల్లార్చండి. మైదా ఉంటుంది కాబట్టి సొన తొందరగా విరగదు. వంటింటి థర్మామీటర్ ఉంటే 71 డిగ్రీలు దాటిందో లేదో చూసుకోండి, గుడ్డు వంటకాలకు క్షేమమని చెప్పే వేడి అది.

క్రీమ్‌లా ఉండేదే వద్దు, తేలిగ్గా ఏదైనా?

అయితే ప్రపంచంలో సగం మీ పక్షమే. నార్త్ కరోలినాలో లెక్సింగ్టన్ అనే ఊరి వైపు బార్బెక్యూ మాంసంతో పెట్టే కోల్‌స్లా ఎర్రగా ఉంటుంది. వెనిగర్, టమాటా కెచప్, పంచదార, మిరియాలు, కారం, అంతే. మయోనైజ్ మాటే లేదు. జర్మనీవాళ్లు వెనిగర్, నూనెల్లో షాజీరా లాంటి ఒక గింజ వేసి క్యాబేజీని చేత్తో బాగా పిసికి పెడతారు. హైతీలో పిక్లీజ్ అని క్యాబేజీ, క్యారెట్‌లను మంట పుట్టించే మిరపకాయలతో వెనిగర్‌లో ఊరేస్తారు. ఊరగాయకు మారుపేరైన మనకు అది నచ్చకపోతే ఆశ్చర్యమే. ఎల్ సాల్వడార్‌లో కుర్తీదో అనేది పుపూసా అనే మొక్కజొన్న రొట్టెతో తింటారు, కొంచెం పులియబెట్టి మరీ.

అంత దూరం వద్దనుకుంటే గుజరాతీల సంభారో ఉంది. ఆవాలు, ఇంగువ, పచ్చిమిర్చి పోపులో క్యాబేజీ, క్యారెట్ వేసి రెండు నిమిషాలు అటూ ఇటూ తిప్పి దించేయడమే. మరాఠీవాళ్ల కోశింబీర్‌లో పల్లీల పొడి, నిమ్మరసం వేసి పైన పోపు పోస్తారు. ఆ పొడి క్యాబేజీ నీళ్లను పీల్చుకుంటుంది కాబట్టి పిండే పనిలో కొంత తప్పుతుంది. శ్రీరామనవమికి నానబెట్టిన వడపప్పు మిగిలితే అదీ ఇందులో వేయొచ్చు.

మామూలు రోజుల్లో నేను చేసేది: పావు కప్పు వెనిగర్, ఒక పెద్ద చెంచా పంచదార, అర స్పూన్ ఉప్పు ఒక పొంగు రానిచ్చి, రెండు పెద్ద చెంచాల నూనె, మిరియాల పొడి కలిపి, వేడివేడిగా క్యాబేజీ మీద పోసేస్తాను. వేడికి ముక్క మెత్తబడి పులుపు లోపలికి దిగుతుంది. దీనికి క్యాబేజీని పిండక్కర్లేదు.

కొబ్బరిపాలు? అవకాడో? టోఫు?

కొబ్బరిపాలు మొదటిసారి తీసిన చిక్కటివే వాడండి, నిమ్మరసం, పచ్చిమిర్చితో చేపల వేపుడు పక్కన చాలా బాగుంటుంది. అవకాడో గంటకల్లా నల్లబడుతుంది, ధర చూస్తే నా చెయ్యి రాదు. మెత్తటి టోఫు (సోయా పాల పనీర్) దొరికితే జీడిపప్పు పద్ధతిలోనే, నీళ్లు పోయకుండా రుబ్బండి. కొవ్వు తక్కువ, మాంసకృత్తులు ఎక్కువ. చప్పదనం పోవడానికి వెల్లుల్లి, ఆవ ఎక్కువ పడతాయి.

షాపులో దొరికే ఎగ్‌లెస్ మయోనైజ్ వాడితే పోదా?

వాడుకోండి, ఎవరు కాదన్నారు. పచ్చ చుక్క ఉందంటే అందులో గుడ్డు లేనట్టే, తెలంగాణ నిషేధం కూడా దానికి వర్తించలేదు. కానీ అది కూడా ఎక్కువగా నూనె, నీళ్లు, పంచదార, స్టార్చే. పాల పొడి ఉన్నవీ ఉంటాయి, పాలు మానేసినవాళ్లు వెనక చిన్న అక్షరాలు చదవాలి. నా సలహా, సగం ఎగ్‌లెస్, సగం వడకట్టిన పెరుగు. రుచి షాపుదానిలాగే ఉంటుంది, నూనె తగ్గుతుంది.

మేం అమెరికాలో ఉంటాం, ఇక్కడ సులువుగా ఏం చేసుకోవచ్చు?

గ్రీక్ యోగర్ట్ కొంటే వడకట్టే పని తప్పుతుంది, పైన పెరుగు కొలతలే వాడండి. తరిగిన క్యాబేజీ, క్యారెట్ కలిపి 'కోల్‌స్లా మిక్స్' అని సంచుల్లో అమ్ముతారు కదా, మన ఇళ్లలో దాన్ని కొనేది ఎక్కువగా క్యాబేజీ వేపుడుకే. ఈసారి దాన్ని దాని పేరుకు తగ్గట్టే వాడి చూడండి. తడి ఉంటుంది, బట్టలో ఒత్తి తీసుకోండి. పాట్‌లక్‌కి తీసుకెళ్లేటప్పుడు వెనిగర్‌దే తీసుకెళ్లండి. ఎండలో బల్ల మీద గంటలు గంటలు ఉండే చోట పెరుగుది, జీడిపప్పుది వద్దు.

పచ్చి క్యాబేజీలో పురుగులుంటాయని భయం. ఉడికించకుండా ఎలా?

పైనున్న రెండు మూడు ఆకులు తీసి పారేయండి. కాయను నాలుగు ముక్కలు చేసి, కాడ తీసేసి, ఆకులు విడదీసి కుళాయి ధార కింద కడగండి. ఉప్పు, పసుపు వేసిన నీళ్లలో పావుగంట ఉంచే అలవాటుంటే అలాగే చేయండి, ఆకుల మధ్య దాగినవి బయటపడతాయి. అయితే ఆ తర్వాత కూడా మంచినీళ్లతో మళ్లీ కడగాలి. తరిగాక కడగడం మాత్రం వద్దు, నీళ్లు పట్టేస్తుంది. ఉప్పు పట్టించాక జాడించేది వేరు, వెంటనే పిండేస్తాం కదా. ఇంట్లో గర్భిణులు, ఒంట్లో బాగోనివాళ్లు ఉంటే సంభారో చేసిపెట్టండి. క్యాబేజీ బాగా వేడెక్కేదాకా ఇంకాసేపు పొయ్యి మీదే ఉంచండి.

పంచదార తప్పనిసరా?

క్యాబేజీకి, ఆవకు ఉండే చిరుచేదును అణచడానికి కొంచెం కావాలి. తియ్యటి ఆపిల్ సగం తురిమి వేస్తే, లేదా ఎండుద్రాక్ష వేస్తే పంచదార మానేయొచ్చు. దానిమ్మ గింజలు కూడా.

ఎన్ని రోజులు నిల్వ ఉంటుంది? లంచ్ బాక్స్‌లో పెట్టొచ్చా?

వెనిగర్‌ది ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉంటుంది, రెండో రోజుకి ఇంకా బాగుంటుంది. ఆవ పెట్టింది రెండు రోజులు. పెరుగుది, జీడిపప్పుది ఆ రోజుకే, మహా అయితే మర్నాటికి. పిల్లల డబ్బాలో అయితే వెనిగర్‌దో నిమ్మరసం, నూనెదో పెట్టండి. ఏసీ లేని క్లాసులో మధ్యాహ్నం దాకా పెరుగు డ్రెస్సింగ్ ఉంచడం నాకు టెన్షన్. పెరుగుది లాంటి తొందరగా పాడయ్యేవి బయట రెండు గంటలకు మించి ఉంచొద్దంటారు, 32 డిగ్రీలు దాటిన ఎండలో గంటే. మన ఊళ్లలో మార్చి నుంచి జూన్ దాకా గంట లెక్కే పెట్టుకోండి.

ముందు రోజే పని కానిచ్చుకోవాలంటే క్యాబేజీ ఉప్పేసి పిండి ఒక డబ్బాలో, డ్రెస్సింగ్ ఇంకో డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టి, వడ్డించేముందు కలపండి.

శాండ్‌విచ్‌లోకి, బిర్యానీలోకి ఏది బాగుంటుంది?

శాండ్‌విచ్‌లోకి జీడిపప్పుది, బ్రెడ్ నానదు. వేయించిన చికెన్, చేపలకు వెనిగర్‌ది కానీ ఆవది కానీ. బిర్యానీకి కోల్‌స్లా ఎందుకండీ, పెరుగు చట్నీ ఉండగా.

కలిపింది మిగిలిపోయింది, నీళ్లు కూడా దిగింది. పారేయాలా?

ఆ రోజు మజ్జిగలో ఈదిన నా క్యాబేజీని కూడా పారేయలేదు. నీళ్లు పిండేసి, శనగపిండి, ఒక చెంచా బియ్యప్పిండి, వాము, పచ్చిమిర్చి కలిపి పకోడీలు వేశాను. డ్రెస్సింగ్‌లోని పెరుగు, మిరియాలు శనగపిండికి పట్టి పకోడీకి కొత్త రుచి వచ్చింది. తడి ఎక్కువగా ఉంటే శనగపిండి ఇంకో గుప్పెడు వేయండి, నీళ్లు మాత్రం పోయొద్దు. వెనిగర్‌దైతే పకోడీకి పుల్లగా ఉంటుంది, దాన్ని పెనం మీద కాస్త నూనెలో వేయించి, రొట్టెలో చుట్టి తినండి. ఆ సాయంత్రం మామగారు పకోడీలు రెండోసారి అడిగి వేయించుకున్నారు, మధ్యాహ్నం జరిగిందానికి అదే రాజీ అనుకున్నాను.